మైకోబాక్టీరియం మెరైనం: చేతి కీళ్ల ఇన్ఫెక్షన్

మైకోబాక్టీరియం మెరైనం చేపలకు క్షయలాంటి జబ్బు తెచ్చే బాక్టీరియా. మనుషులకు అరుదుగా, చర్మం మీది గాయం గుండా సోకుతుంది. చర్మంతో ఆగితే ఎర్రటి బొడిపెలు, పుండ్లు. లోపలికి దిగి స్నాయుబంధనాల తొడుగునో, కీళ్లనో పట్టుకుంటే వేలు మడవడమే కష్టమవుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు.

1926లో జోసెఫ్ అరాన్సన్ ఫిలడెల్ఫియా అక్వేరియంలో చనిపోయిన సముద్రపు చేపల నుంచి దీన్ని వేరుచేశాడు. 1951లో స్వీడన్‌లో ఈతకొలను వాడినవారి పుండ్లలోనూ ఇదే దొరికింది. కొలనుల్లో క్లోరిన్ కలపడం మొదలయ్యాక ఆ దారి చాలావరకు మూసుకుపోయింది. ఇప్పుడు ఎక్కువగా ఇంట్లో చేపల తొట్టి కడిగేవారికి, చేపలు, రొయ్యలు శుభ్రం చేసేవారికి వస్తోంది. గోదావరి జిల్లాల్లో ఉత్త చేతులతో రొయ్యలు వలిచేవారూ, వారికి వైద్యం చేసేవారూ దీని గురించి తెలుసుకుని ఉండాలి.

ఈ క్రిమి 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా పెరుగుతుంది, 37 దగ్గర సరిగా పెరగదు. ఒంటికన్నా చేతులు చల్లగా ఉంటాయి కనుక అక్కడే స్థిరపడుతుంది.

ముల్లు గుచ్చుకున్న రెండు నుంచి నాలుగు వారాలకు, ఒక్కోసారి నెలల తర్వాత, వాపు మొదలవుతుంది. అప్పటికి ఆ ముల్లు సంగతి ఎవరికీ గుర్తుండదు. సాధారణంగా జ్వరం ఉండదు. వేలు ఉబ్బి ఉంగరం బిగుసుకుంటుంది, పిడికిలి పూర్తిగా మూతపడదు. కీళ్లవాతమనుకుని స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే జబ్బు ముదురుతుంది. అందుకే మానని వాపుతో వచ్చిన మనిషిని చేపలతో, నీళ్లతో ఏం పని చేస్తారని అడిగి తీరాలి.

నిర్ధారణకు బయాప్సీ అవసరం. ముక్కను 30 డిగ్రీల దగ్గర కూడా పెంచమని ల్యాబ్‌కు ముందే చెప్పాలి. మామూలు క్షయ కల్చర్‌లా 37 దగ్గరే ఉంచితే క్రిమి దొరక్కపోవచ్చు. ఆరు వారాల దాకా ఆగాలి. వెలుతురు తగిలితే దాని కాలనీలు పసుపు రంగుకు తిరుగుతాయి. సూక్ష్మదర్శినిలో మాత్రం ఇది క్షయ క్రిమిలాగే కనిపిస్తుంది. ఆ పొరపాటుతో క్షయ మందులు మొదలుపెడితే వాటిలో పైరజినమైడ్ పనిచేయదు, ఐసోనియాజిడ్‌ను నమ్ముకోలేం. రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ మాత్రం పనిచేస్తాయి.

లోతుగా దిగిన జబ్బుకు క్లారిథ్రోమైసిన్‌తో పాటు ఈ రెండిటిలో ఒకటైనా కలిపి నెలల తరబడి వాడతారు. లక్షణాలు పోయాక కూడా ఒకటి రెండు నెలలు కొనసాగిస్తారు. తొడుగు బాగా చెడితే శస్త్రచికిత్సతో ఆ కణజాలాన్ని తొలగించి, వేళ్లు బిగుసుకుపోకుండా ఫిజియోథెరపీ చేయిస్తారు.