మచిలీపట్నం కోట – సందర్శన చరిత్ర: ఒక పరిశీలన

ప్రవేశిక

కోట ఉన్న పట్టణాన్ని చూడబోయే యాత్రికుడు ముందుగా గోడల కోసం వెతుకుతాడు. గోడ ఎంత ఎత్తుగా ఉంటే ఆ ఊరి చరిత్ర అంత గొప్పదన్న భావన మనలో స్థిరపడి ఉంది. గోలకొండను చూస్తూ పెరిగిన హైదరాబాదు పరిసరాల వారికి ఈ భావన మరింత సహజం. అయితే గోలకొండ రాజ్యానికే ప్రధాన రేవుపట్టణమైన మచిలీపట్నంలో ఈ కొలమానం పనిచేయదు. బందరు అని వాడుకలో పిలుచుకునే ఆ పట్టణపు కోట ప్రాంతంలో ఈనాడు నిలబడి చూడదగిన ప్రాకారం దాదాపు లేదు. మరి అక్కడ చూడవలసినది ఏమిటి? ఆ పట్టణాన్ని ఇదివరకు ఎవరు, ఏ దృష్టితో చూశారు? ఈ రెండు ప్రశ్నలను చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

నా స్వస్థలం మేడ్చల్. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుండి కాశీకి పోతూ, హైదరాబాదు మీదుగా నాగపురం దిక్కుగా ఉత్తరానికి సాగిపోయాడు. ఈనాటి 44వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగా ఆ దిక్కుకే పోతుంది. ఉత్తరపు బాట మాకు పరిచయమైనంతగా, హైదరాబాదు నుండి ఆగ్నేయంగా సముద్రం వైపు పోయే బందరు బాట పరిచయం కాలేదు. పెద్ద నీరు అంటే శామీర్‌పేట చెరువే తెలిసిన ప్రాంతానికి సముద్రంతో సంబంధం ఉందా అన్న సందేహమే ఈ పరిశీలనకు ప్రేరణ.

కావ్యనగరం – కంటికి కనిపించిన నగరం

నగర వర్ణనను, సముద్ర వర్ణనను దండి తన కావ్యాదర్శంలో మహాకావ్య లక్షణాలలో చేర్చాడు. తెలుగు ప్రబంధకవులు ఈ సంప్రదాయాన్ని శ్రద్ధగా పాటించారు. మనుచరిత్రలో పెద్దన వరణానదీ తీరాన ఉన్న అరుణాస్పదపురంతోనే కథను ప్రారంభించాడు. ప్రబంధ సంప్రదాయంలో కోటగోడ ఆకాశాన్ని తాకుతుంది, అగడ్త పాతాళం దాకా దిగుతుంది. ఇక్కడ గోడ నగర వైభవానికి సంకేతం. ఆ వర్ణన చదివిన పాఠకుడు ఊరిని చూడడు. ఊరు ఎలా ఉండాలో ఊహిస్తాడు.

యాత్రాచరిత్రలు వచ్చేసరికి ఈ దృష్టి మారింది. వీరాస్వామయ్య మజిలీల దూరాలను, దొరికే సరుకులను, బాటల స్థితిని, మనుషుల తీరును నమోదు చేశాడు. 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్ర తెలుగు వచనానికి కంటితో చూసిన ఊరిని పరిచయం చేసింది. నేటి మన సందర్శన పద్ధతి పైకి యాత్రాచరిత్రలాగా కనిపించినా, గోడలను చూసి గొప్పతనాన్ని నిర్ణయించడంలో ఇంకా ప్రబంధ సంప్రదాయాన్నే అనుసరిస్తున్నది. బందరు విషయంలో ఈ వ్యత్యాసం స్పష్టంగా తెలుస్తుంది.

గోడలేని రేవు

17వ శతాబ్దపు తొలినాళ్లలో డచ్చివారు బందరులో వర్తకం మొదలుపెట్టారు. ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. 1618 నుండి 1622 వరకు అక్కడ ఉన్న విలియం మెథోల్డ్ గోలకొండ రాజ్యాన్ని గురించి రాసిన రచన 1626లో లండన్‌లో అచ్చయింది. బందరు చిన్నదైనా జనసమ్మర్దం గల ఊరని, దానికి ప్రాకారం లేదని, కట్టడాలూ ఊరు ఉన్న చోటూ బాగులేవని అతడు రాశాడు. పేరుపొందిన రేవును ఇంత నిరాదరంగా వర్ణించడం గమనార్హం.

అయితే అదే కాలంలో బందరు వర్తకం ఉచ్ఛస్థితిలో ఉంది. కలంకారీ వస్త్రాలు ఇక్కడి నుండి పర్షియాకు, ఆగ్నేయాసియా రేవులకు ఎగుమతి అయ్యేవి. 1639లో అబ్దుల్లా కుతుబ్ షా స్వయంగా బందరును సందర్శించాడు. ఈ ప్రయాణాన్ని నిజాముద్దీన్ అహ్మద్ పారసీ చరిత్రగ్రంథం హదీఖతుస్సలాతీన్ వర్ణించింది. గోలకొండ వంటి దుర్గం గల రాజు గోడలేని ఊరిని చూడడానికి అంత దూరం వచ్చాడంటే, ఆ ఊరి విలువ రేవులోను, నేతగాళ్ల చేతిపనిలోను ఉన్నదని అర్థమవుతుంది.

కోట బలపడిన కాలం

1686లో డచ్చివారు బాకీల వివాదంలో పట్టణాన్ని కొంతకాలం ఆక్రమించారు. మరుసటి ఏడు గోలకొండ ఔరంగజేబు వశమైంది. రాజ్యం పోవడంతో రేవుకు వెనుక ఉన్న అండ పోయింది. 1750లో ఫ్రెంచివారు బందరును స్వాధీనం చేసుకొని, కోటను బురుజులతో, అగడ్తతో బలపరిచారు. చుట్టూ ఉప్పుటేరు నీరు, బురద ఉండేవి. ఊరు కోటకు వాయవ్యంగా దూరంలో ఉండేది. బురద మీదుగా వేసిన కట్టబాట ఒక్కటే రెండింటినీ కలిపేది. కోట వేరు, పేట వేరు అన్న విభజన ఇక్కడ భౌగోళికంగానే కనిపిస్తుంది.

1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి, ఆటుపోటుల్లో నీరు తగ్గే వేళను చూసుకొని కర్నల్ ఫోర్డ్ సేనలు కోటపై దాడి చేశాయి. దాటశక్యం కాదనుకున్న బురద వైపు నుండి కూడా ఒక దళం వెళ్లి రక్షకుల దృష్టిని మళ్లించింది. తెల్లవారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. పట్టుబడిన సైనికుల సంఖ్య దాడి చేసినవారి కంటే ఎక్కువ. మే నెలలో జరిగిన ఒడంబడికతో సలాబత్ జంగ్ బందరును ఇంగ్లీషువారికి అప్పగించాడు. హైదరాబాదు రాజ్యం తన సముద్రద్వారాన్ని పోగొట్టుకున్నది.

ఈ క్రమాన్ని గమనిస్తే ఒక విషయం తేటపడుతుంది. వర్తకం వెలిగిన నాడు బందరుకు ప్రాకారం లేదు. పోటీ, భయం పెరిగిన తరువాత కోట బలపడింది. అందువల్ల ఇక్కడి ప్రాకారాన్ని వైభవచిహ్నంగా చదవడం చరిత్రకు విరుద్ధం.

సముద్రపు ముట్టడి

1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానుతో వచ్చిన ఉప్పెన బందరును ముంచింది. సుమారు 30 వేల మంది మరణించారు. శత్రుసైన్యాల కోసం కట్టిన గోడ నీటిని ఆపలేకపోయింది. మరుసటి ఏడు సైనిక పటాలం అక్కడి నుండి తరలిపోయింది. కోట క్రమంగా శిథిలమైంది.

ఈనాడు కోట ప్రాంతంలో సందర్శకులు ప్రధానంగా చూసేవి పాడుబడిన కట్టడాలు, గంట గోపురం, డచ్చివారి సమాధులు. ఆ సమాధులపై కుటుంబచిహ్నాలు, పేర్లు, తేదీలు చక్కగా చెక్కి ఉన్నాయి. క్షేత్రపర్యటనలో ఆ రాళ్ల దగ్గర నిలబడినప్పుడు ఒక అసమానత నన్ను బాధించింది. దూరదేశపు వర్తకుని పేరు మూడు శతాబ్దాల తరువాత కూడా చదవగలుగుతున్నాము. ఒక్క రాత్రిలో కొట్టుకుపోయిన వేలాది నేతగాళ్లలో, పడవవాళ్లలో, కూలీలలో ఎవరి పేరూ ఆ రీతిగా చదవలేము. రాతిని మాత్రమే చూసే సందర్శన ఈ అసమానతను పెంచుతుంది.

పేర్లలో మిగిలిన పట్టణం

రాతిలో లేని చరిత్ర కొంతవరకు మాటలో మిగిలింది. బందరు అనే పేరు రేవు అనే అర్థం గల పారసీ పదం. పట్టణంలోని వలందపాలెం డచ్చివారిని, పరాసుపేట ఫ్రెంచివారిని, ఇంగ్లీషుపాలెం ఇంగ్లీషువారిని గుర్తుచేస్తాయి. హాలండు వారిని తెలుగువారు ‘వలందులు’ అన్నారు. ఫకారం పలకని తెలుగు నోటిలో ఫరాసులు ‘పరాసులు’ అయ్యారు. పరదేశీయులు మన ఊళ్ల పేర్లను తమ నోటికి అనువుగా మార్చుకున్నారని తరచు చెప్పుకుంటాము. వారి పేర్లను మనవారు తమ నోటికి లొంగదీసుకున్న సంగతికి ఈ పేటలే సాక్ష్యం. ఈ పేర్లు పెట్టినది ఏ దర్బారో కాదు, అక్కడ మెలగిన జనం.

శామీర్‌పేటలోని ‘పేట’ పరాసుపేటలోనూ ఉంది. అంగళ్లు, వృత్తులు, కాపురాలు గల జనావాసాన్ని సూచించే ఈ మాట చెరువు ఒడ్డునుండి సముద్రపు ఒడ్డు దాకా ఒకటే.

ముగింపు

నేటి 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదును మచిలీపట్నంతో కలుపుతున్నది. ఆ దారిన పోయే తెలంగాణ విద్యార్థి బందరును పరాయి ప్రాంతపు సముద్రతీరంగా భావించనక్కరలేదు. తన రాజధాని చరిత్రలో ఒక భాగం అక్కడ ఉన్నది. మంగినపూడి తీరాన్ని, చిలకలపూడి పాండురంగని ఆలయాన్ని చూసి తిరిగివచ్చే యాత్ర అసంపూర్ణం. కోటలోని సమాధులతో పాటు పేటల పేర్లను అడిగి తెలుసుకోవాలి; పెడనలో నేటికీ సాగుతున్న కలంకారీ అద్దకాన్ని చూడాలి. కోట కూలిపోయినా, ఏ పని కోసం ప్రపంచం ఆ రేవుకు వచ్చిందో ఆ పని ఇంకా జరుగుతున్నది. బందరులో చూడవలసిన వాటిలో దానికి మొదటి స్థానం ఇవ్వడం న్యాయమని ఈ పరిశీలన సారాంశం.