రాయి, వెలుగు, వ్యయం: గోతిక్ నిర్మాణశైలి ఆవిర్భావంలో సూజర్, బెర్నార్డ్ దృక్పథాలు

వ్యాస సంగ్రహం:

గోతిక్ శైలి పుట్టుకను నిర్మాణ నైపుణ్యం పరంగానో, వెలుగును గురించిన ఆధ్యాత్మిక భావన పరంగానో వివరించడం పరిపాటి. ఆ శైలి రూపుదిద్దుకున్న 12వ శతాబ్దిలోనే ఆరాధనా మందిరంపై ఎంత ఖర్చు చేయవచ్చు, ఆ ధనం ఎవరిది అనే ప్రశ్న కూడా బలంగా వినిపించింది. సెయింట్ డెనిస్ మఠాధిపతి సూజర్, క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్ ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానాలను, అవి కట్టడాలలో వ్యక్తమైన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: గోతిక్ శైలి, సెయింట్ డెనిస్, సూజర్, బెర్నార్డ్, సిస్టర్షియన్ మఠాలు, ఫాంటెనే.

ఉపోద్ఘాతం:

మధ్యయుగ ఐరోపా అనగానే మొనదేలిన కమానులు, ఎత్తైన కప్పులు, రంగుటద్దాల కిటికీలు గల చర్చిలు మదిలో మెదులుతాయి. వీటి శైలికి గోతిక్ అనే పేరు నిర్మాతలు పెట్టింది కాదు. పునరుజ్జీవన కాలపు ఇటలీ రచయితలు, ముఖ్యంగా 16వ శతాబ్దిలో జార్జియో వసారి, ఈ కట్టడాలను అనాగరికులైన గోతు జాతివారికి అంటగట్టి తక్కువ చేసి మాట్లాడారు. ఆ నిందే క్రమంగా శాస్త్రీయ నామంగా స్థిరపడింది. నిజానికి ఈ శైలికి గోతులతో సంబంధం లేదు. ఇది 12వ శతాబ్ది మధ్యభాగంలో ఉత్తర ఫ్రాన్సులో, పారిస్ పరిసరాలలో రూపొందింది. దీని తొలి ప్రధాన నిదర్శనంగా కళాచరిత్రకారులు చూపేది పారిస్‌కు ఉత్తరాన ఉన్న సెయింట్ డెనిస్ మఠం చర్చిని.

సూజర్ నిర్మాణం:

సెయింట్ డెనిస్ ఫ్రాన్సు రాజుల సమాధి స్థలం. పారిస్ తొలి బిషప్‌గా, మతం కోసం ప్రాణమిచ్చిన వ్యక్తిగా సంప్రదాయం చెప్పే డెనిస్ అస్థికలు అక్కడ ఉన్నాయని భక్తుల విశ్వాసం. బాల్యంలోనే ఆ మఠంలో చేరిన సూజర్ 1122లో మఠాధిపతి అయ్యాడు. 6వ లూయీ, 7వ లూయీ రాజులకు సలహాదారుగా వ్యవహరించాడు. రెండో క్రూసేడు సమయంలో రాజు దేశంలో లేనప్పుడు రాజ్యభారాన్ని కూడా వహించాడు. 1151లో మరణించాడు.

ఆయన లాటిన్‌లో రాసిన మఠ పాలనా వృత్తాంతం నేటికీ లభిస్తోంది. దాని కూర్పు గమనించదగినది. మొదటి భాగమంతా భూముల గురించే. అన్యాక్రాంతమైన భూములను తిరిగి రాబట్టడం, మఠం గ్రామాల నుంచి వచ్చే ఆదాయాన్ని పెంచడం అందులోని విషయాలు. ఆ లెక్కలు ముగిసిన తరువాతనే చర్చి నిర్మాణ వర్ణన మొదలవుతుంది. అంటే సూజర్ దృష్టిలోనే కట్టడానికి పునాది ఆదాయం. రాతి పని ఆ తరువాతి మాట.

పాత చర్చి ఇరుకుగా ఉండి, పండుగ రోజులలో అస్థికల దర్శనానికి వచ్చిన జనం తొక్కిసలాటలో నలిగిపోయేవారని సూజర్ రాశాడు. పశ్చిమ ముఖద్వార భాగాన్ని 1140 జూన్ 9న ప్రతిష్ఠించారు. బలిపీఠం ఉండే తూర్పు భాగానికి అదే ఏడాది జూలై 14న శంకుస్థాపన జరిగింది. 1144 జూన్ 11న, 7వ లూయీ సమక్షంలో దానిని ప్రతిష్ఠించారు.

ఆ తూర్పు భాగంలో బలిపీఠం చుట్టూ రెండు వరుసల ప్రదక్షిణ మార్గం ఉంది. దాని అంచున ఏడు చిన్న ప్రార్థనా మందిరాలున్నాయి. వాటి మధ్య దట్టమైన అడ్డుగోడలు లేవు. సన్నని స్తంభాలపై మొనదేలిన కమానులు, వాటిపై రాతి బద్దల చట్రం గల కప్పు నిలిచాయి. బయటి గోడ స్థానాన్ని చాలావరకు రంగుటద్దాల కిటికీలు ఆక్రమించాయి.

ఈ అంశాలలో ఏదీ విడిగా సూజర్ కాలపు ఆవిష్కరణ కాదు. ఇంగ్లండులో 1093లో ప్రారంభమైన డరమ్ చర్చిలో రాతి బద్దల కప్పు ఉంది. బుర్గుండీలో 1088లో మొదలైన క్లూనీ చర్చిలో మొనదేలిన కమాను ఉంది. అర్ధవృత్తపు కమాను ఎత్తు దాని వెడల్పును బట్టి నిర్ణయమవుతుంది. మొనదేలిన కమానుకు ఆ నిర్బంధం లేదు. వేర్వేరు వెడల్పులు గల కమానులను ఒకే ఎత్తుకు లేపవచ్చు. పైగా అది పక్కలకు తోసే బలం తక్కువ. ఈ రెంటినీ కలిపి గోడను పలుచన చేయడం, ఆ ఖాళీలో వెలుగును నింపడం సెయింట్ డెనిస్ సాధించిన విశేషం.

సూజర్ కట్టడంతోనే తృప్తి చెందలేదు. బలిపీఠానికి బంగారు రేకులు తాపించాడు. రత్నాలు పొదిగిన పెద్ద బంగారు శిలువ చేయించాడు. పాత నిబంధన కాలంలో మేకల రక్తాన్ని పట్టడానికే బంగారు పాత్రలు వాడినప్పుడు, క్రీస్తు రక్తాన్ని స్వీకరించే పాత్రలు ఇంకెంత విలువైనవై ఉండాలన్నది ఆయన వాదన. పవిత్రమైన మనస్సు ఉంటే చాలుననే వారి మాటను ఆయన కాదనలేదు. మనస్సుతో పాటు బాహ్య వస్తువులతోనూ సేవించాలన్నాడు.

బెర్నార్డ్ అభ్యంతరం:

సూజర్ ఎదుర్కొన్న ఈ ఆక్షేపణకు ఆ కాలంలో ప్రధాన ప్రతినిధి క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్ (1090–1153). 1098లో సీతోలో పుట్టిన సిస్టర్షియన్ సంఘానికి ఆయన అత్యంత ప్రభావశీలి. 1125 ప్రాంతంలో తన మిత్రుడు, సెయింట్ థియెరీ మఠాధిపతి విలియమ్‌కు రాసిన గ్రంథంలో చర్చిల మితిమీరిన ఎత్తును, పొడవును, ఖరీదైన అలంకరణలను తీవ్రంగా విమర్శించాడు. చర్చి గోడలు మెరుస్తుండగా చర్చిని నమ్ముకున్న పేదలు ఆకలితో ఉన్నారన్నది ఆయన ఆవేదన. బంగారంతో కప్పిన అస్థికలను చూసి జనం మరింత బంగారం ఇస్తారని, అలంకరణ కానుకలను రాబట్టే సాధనమైందని ఆయన గ్రహించాడు.

ఈ విమర్శను కళా ద్వేషంగా భావించడం సరికాదు. సామాన్య జనంలో భక్తి కలిగించేందుకు బిషప్పుల చర్చిలు అలంకరణను ఆశ్రయించడాన్ని బెర్నార్డ్ అర్థం చేసుకున్నాడు. లోకాన్ని వదిలిన సన్యాసులకు అది ఎందుకన్నదే ఆయన ప్రశ్న. మఠాల నడవాలలోని స్తంభశీర్షాలపై చెక్కిన వింత మృగాలను ఖండిస్తూనే వాటిని ఎంతో నిశితంగా వర్ణించాడు. ఆ శిల్పాల ఆకర్షణ ఎంతటిదో ఆయనకు తెలుసు. ఆయన భయానికి మూలం ఆ ఎరుకే.

ఈ దృక్పథానికి రాతి రూపం బుర్గుండీలోని ఫాంటెనే మఠం చర్చి. దానికి గోపురం లేదు. శిల్పాల బారులు లేవు. మొనదేలిన కమాను ఆకారంలో సాగే కప్పు, నిరాడంబరమైన రాతి గోడలు, రంగు అద్దని వెలుగు మాత్రమే ఉన్నాయి. అక్కడ కొలతల పొందికే అలంకారం.

రెండు మార్గాల కలయిక:

ఈ ఇద్దరినీ ప్రత్యర్థులుగా నిలబెట్టడం సులభం. చారిత్రక ఆధారాలు అంత సూటిగా లేవు. 1127 ప్రాంతంలో సూజర్ తన మఠంలో క్రమశిక్షణను సంస్కరించినప్పుడు బెర్నార్డ్ అభినందిస్తూ లేఖ రాశాడు. మరొక ఘట్టాన్ని సూజరే నమోదు చేశాడు. శిలువకు రత్నాలు చాలక వెతుకుతున్న వేళ మూడు మఠాల నుంచి సన్యాసులు వచ్చి రత్నాలు అమ్మజూపారు. వాటిలో ఒకటి సీతో, మరొకటి అదే సంఘానికి చెందిన మఠం, మూడోది ఫాంటెవ్రో. తిబో ప్రభువు దానంగా ఇచ్చిన రత్నాలవి. సూజర్ 400 పౌండ్లకు వాటిని కొన్నాడు. రత్నాలు తమకు తగవనుకున్న మఠం వాటిని అమ్ముకుంది. అలంకరణే భక్తి అనుకున్న మఠం కొనుక్కుంది. దాత మాత్రం ఒక్కడే.

1147లో ఈ కలయిక మరింత స్పష్టమైంది. ఆ ఏడాది ఈస్టర్ నాడు సూజర్ శిలువను ప్రతిష్ఠించిన వాడు 3వ యూజీనియస్ పోప్. కొన్ని నెలల తరువాత ఫాంటెనే చర్చిని ప్రతిష్ఠించిన వాడూ ఆయనే. ఆయన స్వయంగా సిస్టర్షియన్, బెర్నార్డ్ శిష్యుడు. మతవ్యవస్థ ఆ రెండు సమాధానాలలో దేనినీ త్రోసిపుచ్చలేదు.

మిగిలిపోయిన ప్రశ్న:

1163లో పారిస్‌లో బిషప్ మోరిస్ ద సుల్లీ కాలంలో నోత్ర్ దామ్ నిర్మాణం ప్రారంభమైంది. ఆ పని సాగుతుండగానే అదే చర్చిలో ఉన్నత పదవిలో ఉన్న పండితుడు పీటర్ ద చాంటర్ (మరణం 1197) నిర్మాణ వ్యామోహాన్ని, అందుకు వడ్డీ సొమ్ము వాడడాన్ని నిరసించాడు. బెర్నార్డ్ సన్యాసులకు వేసిన ప్రశ్న ఈయనతో నగరానికి చేరింది. 13వ శతాబ్దిలో దానిని పౌరులే చేతల్లో చూపారు. 1233లో రీమ్స్ ప్రజలు ఆర్చ్‌బిషప్‌పై తిరగబడగా, చర్చి అధికారులు నగరం విడిచిపోయారు. నిర్మాణం కొన్నేళ్లు నిలిచిపోయింది. ఎత్తుకై సాగిన పోటీకి బోవే హద్దు చూపింది. సుమారు 48 మీటర్ల ఎత్తున కట్టిన అక్కడి కప్పులో కొంత భాగం 1284లో కూలింది. ఆ చర్చి నేటికీ అసంపూర్ణమే.

ముగింపు:

సూజర్ బంగారు శిలువ నేడు లేదు. ఆయన సేకరించిన పాత్రలలో కొన్ని లూవ్ర్ మ్యూజియంలోనూ, ఒక పానపాత్ర వాషింగ్టన్‌లోనూ ఉన్నాయి. 13వ శతాబ్దిలో ఆయన కట్టడం పైభాగాన్ని తిరిగి నిర్మించారు. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1793లో, అక్కడి రాజ సమాధులను తవ్విపోశారు. అయినా 1144 నాటి ప్రదక్షిణ మార్గం నిలిచే ఉంది. ఫాంటెనే చర్చి కూడా నిలిచే ఉంది. బెర్నార్డ్ ఆక్షేపించిన బంగారంలో అధిక భాగం చెదిరిపోగా, ఇరువురి కట్టడాలకూ ఉమ్మడిదైన మొనదేలిన కమాను మిగిలింది.

అంతమాత్రాన వ్యయాన్ని గురించిన వాదం తేలిపోయిందని చెప్పలేము. ఆదాయాన్ని పెంచి కానుకలు సేకరించకుండా సూజర్ వెలుగు సాధ్యమయ్యేది కాదు. ఆ ఆదాయం గ్రామాల నుంచి వచ్చింది. కాబట్టి గోతిక్ కట్టడాలను అధ్యయనం చేసేటప్పుడు కమానులనూ కిటికీలనూ పరిశీలించినట్లే, సూజర్ తన గ్రంథంలో ముందుగా రాసిన ఆ లెక్కలనూ పరిశీలించడం అవసరం. వెలుగును కొనియాడిన గ్రంథం, పేదల ఆకలిని గుర్తుచేసిన గ్రంథం ఒకే తరంలో వెలువడ్డాయి. రెంటినీ కలిపి చదివినప్పుడే ఆ శైలి చరిత్ర సమగ్రమవుతుంది.