క్యాసియో

ఆదోని, ఎమ్మిగనూరు దిక్కు పెళ్లి మాటల్లో ‘క్యాసియో ఎవరు వాయిస్తారప్పా?’ అని అడిగితే, ఆ పెట్టె మీద యమహా అని రాసున్నా ఎవరూ తప్పు పట్టరు. మెట్లుండి కరెంటుతో పలికేదల్లా క్యాసియోనే.

నిజానికి ఇది ఒక ఇంటిపేరు. 1946లో తోక్యోలో తదావో కషియో పెట్టిన చిన్న వర్క్‌షాపు 1957లో క్యాసియోగా మారి, ముందు లెక్కల యంత్రాలు అమ్మింది. తమ్ముడు తోషియో పట్టుదలతో 1980లో క్యాసియోటోన్ 201 వచ్చింది: ఒకే పెట్టెలో 29 వాయిద్యాల గొంతులు. తర్వాతి మోడళ్లకు తాళం కూడా తోడైంది. మీట నొక్కితే డ్రమ్ము దానంతటదే మోగుతుంది, ఎడమచెయ్యి కార్డు పడుతుంది, కుడిచెయ్యి పల్లవి ఎత్తుకుంటుంది. నలుగురి కూలి ఒకడికే. మేళగాళ్లు ముఖం చిట్లించారంటే చిట్లించరా మరి!

సినిమాల్లోనూ ఈ పెట్టె చోటు సంపాదించింది: మద్రాసులో సంగీత దర్శకుల జంట రాజ్-కోటి పాటలకు దిలీప్ అనే కుర్రాడు కీబోర్డు వాయించేవాడు. అతనే ఎ.ఆర్. రెహమాన్. ఆ జంటలో రాజ్ 2023లో పోయారు. అదే ఏడు జపాన్‌లో ఎలక్ట్రానిక్ సంగీతానికి ఆద్యుల్లో ఒకరైన ర్యుయిచి సకమోటో 71 ఏళ్లకు కన్నుమూశారు. వాళ్ల గురించి పేపర్లు రాశాయి. జాతరల్లో తెల్లార్లూ వాయించిన మనవాళ్లకు మీసం నెరిసింది, కళ్లద్దాలొచ్చాయి. పేరు ముందు ‘క్యాసియో’ మాత్రం ఇంటిపేరులాగే అతుక్కుపోయింది. కుర్రాళ్లేమో ల్యాప్‌టాప్‌లోంచి ట్రాక్ వదిలి, ‘కీస్’ అంటున్నారు. నా చెవికి ఆ మాట ఇంకా తాళంచెవులే.