తీరం లేని దీవికి రాజు

శ్రీలంక టూరు కాగితాలు ఏ ఏజెంటు ఇచ్చినా దాదాపు ఒకేలా ఉంటాయి. కొలంబోలో దిగడం, క్యాండీలో బుద్ధుని దంతాలయం, నువర ఎలియాలో టీ తోటలు, యాలలో చిరుతపులి, గాల్ కోట గోడ మీద సాయంత్రం, రాత్రికి కొత్తు రొట్టె. వేలూరు, గుడియాత్తం నుంచి వెళ్ళేవాళ్ళు ఈ కాగితంలో ఒక చోటు కలుపుకోవాలి. దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, టౌను బస్సు చాలు.

వేలూరులో పాలారు ఒడ్డున ఉన్న ముత్తు మండపం అది. తమిళనాడు ప్రభుత్వం కట్టించింది. క్యాండీని ఏలిన ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడి సమాధి అక్కడే ఉంది. పాలారును చూసినవాళ్ళకు తెలుసు, ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసుకే. నీళ్ళ మధ్య దీవికి రాజైనవాడు నీళ్ళు లేని ఏటి ఒడ్డున మట్టిలో కలిశాడు.

ఆయన చిన్ననాటి పేరు కన్నసామి. క్యాండీ రాజులు పట్టపురాణుల్ని మదురై నాయకుల బంధువర్గం నుంచి తెచ్చుకునేవారు. 1739లో వీర నరేంద్రసింహుడు వారసుడు లేకుండా పోతే, రాణిగారి తమ్ముడే గద్దెనెక్కాడు. అలా మొదలైన నాయకర్ల వంశంలో నలుగురు ఏలారు. మదురై నాయకులు తెలుగు మూలాల వాళ్ళు కాబట్టి మనవాళ్ళు ఇక్కడ వెంటనే ‘సింహళాన్ని ఏలిన తెలుగు రాజులు’ అని శీర్షిక పెట్టేస్తారు. అంత తొందర వద్దు. ఆ నలుగురూ గద్దె కోసం బౌద్ధం స్వీకరించారు, దాన్ని పేరుకే ఉంచుకోలేదు కూడా. వాళ్ళలో రెండోవాడైన కీర్తి శ్రీ రాజసింహుడి కాలంలోనే, 1753లో, సయాం నుంచి భిక్షువుల్ని రప్పించి ఆగిపోయిన ఉపసంపద దీక్షను మళ్ళీ మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచమంతా చూడ్డానికి వెళ్ళే ఏసల పెరహర ఊరేగింపులో బుద్ధుని దంతధాతువుకు ముందువరస దక్కింది ఆయన వల్లే.

ఇంత చేసిన రాజులకు సముద్రం మాత్రం దక్కలేదు. పోర్చుగీసుల్ని తరమడానికి డచ్చివాళ్ళను పిలిచింది క్యాండీ రాజే, 1638లో. వాళ్ళు వచ్చి తీరాన్ని తామే ఉంచుకున్నారు. సింహళంలో దీని మీద సామెతే పుట్టింది: అల్లం ఇచ్చి మిరపకాయ కొనుక్కున్నట్టు అని. 1765లో డచ్చి సేన క్యాండీ దాకా వచ్చి రాజధానిని కొల్లగొట్టింది. మరుసటి ఏడాది ఒప్పందంతో దీవి చుట్టూ ఉన్న తీరం మొత్తం డచ్చివాళ్ళ పేర రాసివ్వాల్సి వచ్చింది. కొండల మీది జనానికి ఉప్పు, ఎండుచేప అన్నీ తీరం నుంచే రావాలి. పుత్తళం, చిలాభం కయ్యల్లో ఉప్పు ఉచితంగా తెచ్చుకునే హక్కును ఆ ఒప్పందంలో ప్రత్యేకంగా అడిగి రాయించుకోవాల్సిన గతి పట్టింది. 1796లో డచ్చివాళ్ళు పోయి ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. తీరం మాత్రం రాజుకు తిరిగి రాలేదు.

అందుకే దీవి తిండి ఇప్పటికీ రెండు ముక్కలు. తీరంలో చేపే రాజు. కొరకపులి అనే పులుపుకాయ వేసి, మిరియాలు పట్టించి, మట్టి చట్టిలో నీరంతా ఇగిరేదాకా వండే అంబుల్ తియల్ దక్షిణ తీరపు వంట, రోజుల తరబడి చెడదు. కొండల్లో పనస, కొబ్బరి, అక్కడ కితుల్ అనే జీలుగ చెట్టు నుంచి తీసిన పాకం, ఇంకా రాగులు. రాగిని అక్కడ కురక్కన్ అంటారు. పిండిని మరిగే నీళ్ళలో పోసి, కర్రతో గట్టిగా కలియబెట్టి ముద్ద చేస్తే దాని పేరు తలప. గుడియాత్తం నుంచి పలమనేరు దాకా ఏ ఇంట్లో అడిగినా దాన్ని సంగటి అంటారు, లేదంటే కళి అంటారు. హోటలు మెనూల్లో తలప అంత తేలిగ్గా దొరకదు, పల్లె ఇళ్ళల్లో అడిగి తినాలి. మన సంగటి కూడా అంతేగా, పెళ్ళి భోజనాల్లోకి రావడానికి ఎన్నేళ్ళు పట్టింది?

తీరం లేని రాజ్యాన్ని అన్నాళ్ళు కాపాడింది అడవి. 1660లో పట్టుబడి పంతొమ్మిదేళ్ళు అక్కడ బందీగా గడిపిన ఇంగ్లీషు నావికుడు రాబర్ట్ నాక్స్ ఈ సంగతి వివరంగా రాశాడు. దారులు వెడల్పు చేయనిచ్చేవారు కాదు. కనుమ మొగల్లో ముళ్ళకంపతో తలుపులు కట్టేవారు, కావలి ఉండేది. 1803లో ఇంగ్లీషు దండు ఈ దారులు దాటి క్యాండీలో దిగింది గానీ నిలవలేదు. రోగాలు సగం చంపాయి, మిగిలినవాళ్ళను రాజు మనుషులు చంపారు.

1815లో అదే అడవి రాజును దాచలేకపోయింది. కారణం ఫిరంగులు కాదు, సొంత మంత్రులు. ఇవాళ క్యాండీలో పర్యాటకులు ఫొటోలు దిగే చెరువు ఆయన తవ్వించిందే, 1807లో మొదలైంది. అలల్లా కనిపించే గోడ, దంతాలయం పక్క ఎనిమిది పలకల మంటపం వాస్తుశిల్పి దేవేంద్ర మూలాచారి పనితనం. పొలాలు మునిగి, వెట్టికి మనుషుల్ని లాక్కురావడంతో జనం, సింహళ పెద్దలు మండిపడ్డారు. తిరగబడ్డ ఎహెలెపొల అనే మంత్రి భార్యాబిడ్డల్ని 1814లో రాజు చంపించాడు. ఇంగ్లీషువాళ్ళు ఆ కథను తమకు కావలసినంత పెంచి చెప్పుకున్నారు, నిజమే. అయినా ఆ పిల్లల చావును ఏ వంశాభిమానంతోనూ కడగలేం.

1815 ఫిబ్రవరి 18న మెదమహనువర దగ్గర, నకిల్స్ కొండల అంచున, రాజు దొరికిపోయాడు. మార్చి 2న క్యాండీ ఒప్పందం జరిగింది. అందులో రాజు మగ బంధువులందరినీ శత్రువులుగా ప్రకటించారు, ఆ రాజ్యంలో అడుగు పెట్టకూడదన్నారు. రాజును కొలంబో తీరానికి తెచ్చారు. తాతల నాడు పోయిన తీరం ఆయన కంటికి అలా, కాపలా మధ్య ఆనింది. 1816 జనవరిలో కార్న్‌వాలిస్ ఓడ ఎక్కించారు, ఫిబ్రవరిలో మద్రాసులో దించి వేలూరు కోటకు చేర్చారు.

వేలూరే ఎందుకంటే, ఆ కోటకు రాజుల్ని దాచే అలవాటు అప్పటికే ఉంది. విజయనగర సామంతులు కట్టిన కోట అది, ఆరవీటి రాయలు ఏలిన చోటు. టిప్పు కుటుంబాన్ని అక్కడే ఉంచారు. 1806 జూలై 10న సిపాయిలు తిరగబడ్డాక వాళ్ళను కలకత్తాకు పంపేశారు. ఖాళీ అయిన కోటలోకి క్యాండీ రాజు వచ్చాడు. కోటలో క్యాండీ మహల్ అనే పేరు ఇంకా వినిపిస్తుంది. ఆయన్ని సముద్రం దాటించడం ఎందుకు అవసరమో ఇంగ్లీషువాళ్ళకు రెండేళ్ళలోనే మళ్ళీ తెలిసింది. 1817లో ఊవా ప్రాంతంలో తిరుగుబాటు లేచినప్పుడు దానికి నాయకుడుగా నిలిచినవాడు, తాను దొరైసామిననీ నాయకర్ల రక్తమనీ చెప్పుకున్నాడు. ఆ పేరుకు అప్పటికీ అంత బలం.

రాజుకు వేలూరులోనే కొడుకు పుట్టాడు. రాజాధి రాజసింహుడని పేరు పెట్టారు గానీ ఏలడానికి ఏమీ మిగల్లేదు. 1832 జనవరి 30న రాజు చనిపోయాడు. సింహాసనం అప్పటికే ఇంగ్లండు చేరింది. 1934లో తిరిగొచ్చి ఇప్పుడు కొలంబో నేషనల్ మ్యూజియంలో ఉంది. గద్దె చూసి సమాధి చూడనివాళ్ళే ఎక్కువ.

ఆయన పారిపోయిన అడవుల్లో చాలా భాగం కాఫీ, తర్వాత టీ మింగేశాయి. 1867లో రైలు క్యాండీ చేరింది. టూరిస్టులు కిటికీలోంచి పచ్చగా ఉందని మెచ్చుకునే కొండల్లో ఎక్కువ చోట్ల ఉన్నది తోట, అడవి కాదు. అడవి కావాలంటే నకిల్స్‌కు పోవాలి, ఏనుగులు కావాలంటే అక్కడి ఎండాకాలం చివర మిన్నేరియా చెరువు దగ్గరకు పోవాలి. గుడియాత్తం రైతుకు ఏనుగు కోసం అంత దూరం అక్కర్లేదనుకోండి. కౌండిన్య అభయారణ్యం నుంచి అరటితోటలోకి అదే వస్తుంది.

భాష విషయానికొస్తే, క్యాండీలో నాయకర్లు కాపురమున్న మలబార్ వీధి ఉంది, అక్కడ తెలుగు వినబడదు. కావాలంటే ఉత్తరాన తంబుత్తేగమ దగ్గర కుడాగమకు, లేదా తూర్పు తీరాన అక్కరైపత్తు దగ్గర అలిగంబేకు వెళ్ళాలి. అక్కడ అహికుంటకులుంటారు. పాముల్ని ఆడించి, కోతుల్ని తిప్పి, చెయ్యి చూసి జోస్యం చెప్పి దేశమంతా తిరిగిన సంచార జాతి, ఇప్పుడు స్థిరపడ్డారు. వాళ్ళ ఇంటిభాష తెలుగు. రాజబంధువుల్ని రాజ్యం దాటించిన ఒప్పందం వాళ్ళ జోలికి రాలేదు. వాళ్ళకు గద్దె లేదు, గుడారం తప్ప.