చుక్కల ముగ్గు నుండి కంప్యూటరు వరకు

నోటుపుస్తకము చివరి పుటలో విద్యార్థులు గీయు పిచ్చిగీతలను ఉపాధ్యాయులు సామాన్యముగా మెచ్చుకొనరు. అయినను వానిలో ఒక తరహా గీతల దగ్గర కొంచెము ఆగి చూడవలసియున్నది. వరుసగా చుక్కలు పెట్టి, వాని చుట్టును మెలికలు తిప్పుట మన పిల్లలకు బడిలో ఎవరును నేర్పరు. వారు వాకిట చూచి నేర్చుకొందురు. గోదావరికి ఉత్తరమున ఉన్న ఖానాపూరు 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది. ఇప్పుడు నిర్మల్ జిల్లాలోనిది. తెలుగునాట ఇతర ఊళ్లలోవలెనే అక్కడను సంక్రాంతి దినములలో అలికిన వాకిళ్లు ముగ్గులతో నిండును. తెల్లవారి పెట్టిన ముగ్గు మరునాటికి ఉండదు. అయినను ఈ కళ తరతరములుగా నిలిచియున్నది. ఎట్లు నిలిచినది?

ఈ కళ మిక్కిలి ప్రాచీనమైనది. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళలలో బియ్యముతోను పువ్వులతోను నేలపై ఆకృతులు తీర్చుట యొకటి. తరువాతి కాలమున బియ్యపు పిండికి తోడు ముగ్గురాతి పొడియు వాడుకలోనికి వచ్చినది. వస్తువు మారినను పద్ధతి మారలేదు. ఆ పద్ధతి రహస్యమంతయు స్త్రీల మాటలలోనే ఉన్నది. “ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చువరకు” అని ఒకరు చెప్పినచో విన్నవారికి బొమ్మతో పని లేదు. నడుమ 7 చుక్కల వరుస పెట్టి, దానికి రెండు వైపులను 6, 5, 4 చుక్కల వరుసలను సందులలో పెట్టుదురు. మొత్తము 37 చుక్కలతో ఆరు భుజముల ఆకృతి ఏర్పడును. అనగా తల్లి నుండి కూతురికి అందునది చిత్రము మాత్రమే కాదు. దానిని పుట్టించు నియమము కూడ.

ఈ నియమములలో గణితము కలదు. విద్యార్థులు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. ఎదురు చుక్కలుగా 3 వరుసలు, వరుసకు 4 చుక్కలు పెట్టవలెను. గీత చుక్కల నడుమ ఐమూలగా నడచి, అంచున ఉన్న చుక్కను చుట్టి వెనుకకు తిరుగవలెను. ఇంకొక గీత అడ్డము వచ్చినచో వంగక తిన్నగా దాటవలెను. ఈ ముగ్గు ఒకే గీతతో ముగియును. 4 వరుసలు, వరుసకు 6 చుక్కలైనచో 2 గీతలు కావలెను. 4 వరుసలు, వరుసకు 4 చుక్కలైనచో 4 గీతలు కావలెను. గీతల సంఖ్య ఆ రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకమునకు సమానము! ఆఫ్రికాలోని అంగోలా దేశమున చోక్వే జనులు ఇసుకలో గీయు ఇట్టి చిత్రములను గణితజ్ఞుడు పాలస్ గెర్డెస్ విపులముగా పరిశోధించెను.

చేయి ఎత్తకుండ గీయుటను గూర్చి 1736లోనే స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ విచారించెను. కోనిగ్స్‌బర్గ్ నగరములోని 7 వంతెనలను, ఒక్కొక్క దానిని ఒకేసారి దాటుచు తిరిగి రాగలమా అనునది ఆనాటి సమస్య. బేసి సంఖ్యలో దారులు కలియు చోట్లు రెండింటికంటె ఎక్కువ ఉన్నచో అది సాధ్యము కాదని అతడు నిరూపించెను. మెలిక ముగ్గులో ప్రతి కూడలి వద్దను నాలుగు దారులు కలియును, అది సరిసంఖ్య. కావున ఆయిలర్ నియమము ప్రకారము కూడలి వద్ద మలుపు తిరుగవచ్చునన్నచో అంతయు ఒకే గీతతో గీయవచ్చును. తిన్నగానే పోవలెనను మన ముగ్గు కట్టుబాటు సమస్యను ఇంకను కఠినము చేసినది.

ఈ కట్టుబాట్లు కంప్యూటరు శాస్త్రజ్ఞులను ఆకర్షించినవి. ముగ్గును తమిళులు కోలము అందురు; ఆదిలాబాదు అడవులలోని కోలాము జనుల పేరు వేరు. మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి దంపతులు, కమలా కృతివాసన్ కలిసి 1974లో కోలములకు వ్యాకరణము కూర్చి అంతర్జాతీయ పత్రికలో ప్రకటించిరి. వ్యాకరణ సూత్రములతో మాటలు వాక్యమైనట్లు, కొన్ని సూత్రములతో గుర్తులు అడ్డు నిలువు వరుసలలో పెరిగి చిత్రమగును. చిన్న ముగ్గు ఏ సూత్రముతో పుట్టునో పెద్ద ముగ్గును అదే సూత్రముతో పుట్టును. యంత్రము చేత చిత్రములు వ్రాయించు శాస్త్రము అప్పటికింకను బాల్యదశలో ఉన్నది. ఆ దశలో దానికి ఉదాహరణము వాకిలి ముగ్గు నుండి లభించినది.

నేడు గడప ముందు అంటించు ముగ్గు స్టిక్కర్లు అంగళ్లలో దొరకుచున్నవి. ఫోనులో వేలకొలది ముగ్గుల బొమ్మలున్నవి. బొమ్మను చూచి దించుకొన్నవారికి ఆ ఒక్క ముగ్గు వచ్చును. చుక్కల లెక్క తెలిసినవారికి దాని పెద్దవియు, చిన్నవియు, ఇంతవరకు ఎవరును పెట్టనివియు వచ్చును. బొమ్మను యంత్రము దాచగలదు. “సందు చుక్క, నాలుగు వచ్చువరకు” అను మాటను ఒకరు చెప్పి ఇంకొకరు పెట్టినప్పుడే అది నిలుచును. కావున నోటుపుస్తకము చివరి పుటలో చుక్కలు కనిపించినప్పుడు ఉపాధ్యాయుడు, “దీనికి ఎన్ని గీతలు కావలెను?” అని అడిగి చూడవచ్చును. గరిష్ఠ సామాన్య భాజకము పాఠము అక్కడనే ఆరంభమగును.