లూసర్న్ మేత పసుపెక్కిందా? యూరియా బస్తా విప్పే ముందు ఆకు పరీక్ష చేయించండి!

పాడి రైతులకు లూసర్న్ మంచి పోషకాలున్న పచ్చిమేత. ఒక్కసారి విత్తితే మూడు నాలుగేళ్ల పాటు కోతలు వస్తూనే ఉంటాయి. అయితే ఆకులు పసుపెక్కగానే చాలామంది చేసే పని ఒక్కటే.. యూరియా చల్లడం. చాలాసార్లు ఆ డబ్బు వృథానే!

ఎందుకంటే లూసర్న్ పప్పుజాతి పంట. వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. ఒక మొక్కను జాగ్రత్తగా తవ్వి తీసి బుడిపెను కోసి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే బ్యాక్టీరియా పని చేస్తున్నట్టే. మరి పసుపు ఎందుకు?

రంగు చూసి పొరబడొద్దు

గంధకం లోపిస్తే మొక్క మొత్తం పాలిపోతుంది. అచ్చం నత్రజని లోపంలాగే ఉంటుంది. మాలిబ్డినం తక్కువైతే బుడిపెలే సరిగా పని చేయవు. బోరాన్ లోపిస్తే పై ఆకులు పసుపెక్కి, కొసలో కణుపులు దగ్గరపడతాయి. పచ్చదోమ రసం పీల్చినా ఆకులు పసుపెక్కుతాయి. పొటాష్ తగ్గితే ముదురు ఆకుల అంచుల్లో తెల్లటి చుక్కలు వస్తాయి. అసలు తేడా తేల్చేది ల్యాబ్ పరీక్షే.

శాంపిల్ ఇలా తీయండి

* మొగ్గ దశ నుంచి తొలి పూత మధ్యలో, మొక్క పైభాగం 15 సెంటీమీటర్లు కత్తిరించాలి.
* 40 నుంచి 50 మొక్కల నుంచి సేకరించాలి.
* బాగున్న చోట ఒకటి, పాలిపోయిన చోట ఒకటి.. రెండు శాంపిళ్లు విడిగా పెట్టాలి. ఆ రెండు చోట్లా మట్టి కూడా తీయాలి.
* మట్టి అంటిన ఆకులు వద్దు. ఐరన్ లెక్క తప్పుతుంది.
* ప్లాస్టిక్ కవర్‌లో కుళ్లిపోతాయి. కాగితం సంచిలోనే పంపాలి.

రిపోర్టులో ఏం చూడాలి?

ఈ దశలో సాధారణంగా పొటాషియం 2 నుంచి 3.5 శాతం, బోరాన్ 30 నుంచి 80 పీపీఎం ఉండాలి. గంధకం 0.25 శాతం కంటే తగ్గితే లోపం ఉన్నట్టే. ముఖ్యంగా పొటాష్ మీద కన్నేయాలి. ఒక టన్ను ఎండు మేత పొలం దాటిందంటే 20 కిలోలకు పైగా పొటాషియం దాంతోపాటే వెళ్లిపోతుంది. ఏళ్ల తరబడి కోస్తూ తిరిగి వేయకపోతే మొక్కలు పలచబడిపోతాయి.

అతిగా వేసినా ముప్పే

మాలిబ్డినం లోపమని ఊహించి మోతాదు మించి వేస్తే అది మేతలో చేరుతుంది. ఆ మేత తిన్న పశువుల్లో రాగి లోపం వచ్చి విరేచనాలు పట్టుకుంటాయి, వెంట్రుకల రంగు వెలిసిపోతుంది. బోరాన్ ఎక్కువైతే పంటే మాడిపోతుంది. అందుకే రిపోర్టు చేతికొచ్చాక వ్యవసాయ అధికారి లేదా కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకు చూపించి, వాళ్లు చెప్పిన మోతాదే వేయండి.