కవాతుకు ముందు నడిచినవారు

కిందటి మాఘమాసంలో మా వీధిలో ఒక పెళ్ళి ఊరేగింపు జరిగింది. ముందు బ్యాండు మేళం, వెనుక వధూవరుల కారు. ఎర్రచొక్కాలు, భుజాల మీద బంగారు కుచ్చులు, తలపై టోపీలు. ఈ వేషం ఒకప్పటి దొరల సైనిక వాద్యబృందాలకు అనుకరణ. ఊరేగింపు విడిది చేరగానే అందరూ భోజనాలకు లోపలికి వెళ్ళారు. మేళంవారు మాత్రం అరుగు మీద కూర్చుని ఆఖరి బంతి పిలుపు కోసం ఎదురుచూశారు. వారిని చూస్తుంటే నాకు జేమ్స్ రీస్ యూరప్ గుర్తుకు వచ్చాడు. మిత్రులతో ఆయన కథ చెప్పుకోవాలనిపించింది.

పేరులో యూరప్ ఉన్నా ఆయన అమెరికావాడు, నల్లజాతివాడు. అలబామాలోని మొబీల్ నగరంలో పుట్టాడు. 1910లో న్యూయార్క్‌లో నల్లవాద్యకారుల కోసం క్లెఫ్ క్లబ్ అనే సంఘాన్ని స్థాపించాడు. 1912లో ఆ సంఘపు బృందంతో కార్నెగీ హాలులో కచేరీ చేశాడు. 1916లో నల్లవారి సైనిక పటాలమైన 15వ న్యూయార్క్ రెజిమెంటులో చేరాడు. పటాలానికి మంచి బ్యాండు కట్టమని కర్నల్ విలియం హేవర్డ్ ఆయనను కోరాడు. సైనిక నియమం ప్రకారం బ్యాండుకు 28 మందే. అంతమంది చాలరన్నాడు యూరప్. నడుస్తూ ఊదేవారి పెదవులు త్వరగా అలసిపోతాయి. కొందరు ఆగినప్పుడు మరికొందరు పాటను మోయాలి. ఒక శ్రీమంతుడు 10,000 డాలర్లు విరాళమిచ్చాడు. క్లారినెట్లు ఊదేవారి కోసం యూరప్ ప్యూర్టోరికో ద్వీపానికి వెళ్ళి మనుషులను వెదికి తెచ్చాడు.

1917లో ఈ పటాలాన్ని శిక్షణ కోసం దక్షిణ కరొలైనాలోని స్పార్టన్‌బర్గ్‌కు పంపారు. అక్కడ బ్యాండు సభ్యుడు నోబుల్ సిసిల్ పత్రిక కొనడానికి ఒక హోటలులోకి వెళ్ళాడు. తలమీది టోపీ తీయలేదన్న నెపంతో హోటలు యజమాని అతన్ని కొట్టాడు. తోటి సైనికులు ఉద్రేకపడ్డారు. యూరప్ వారిని వారించి అక్కడినుంచి తీసుకువెళ్ళాడు. తాము ఏ దేశపు జెండా కింద నడుస్తున్నారో ఆ దేశంలోనే వారికి తల ఎత్తుకునే వీలు లేదు.

1918 జనవరి 1న వారు ఫ్రాన్సులోని బ్రెస్ట్ రేవులో దిగారు. దిగగానే ఫ్రెంచి జాతీయగీతం వాయించారు. ఆ లయ కొత్తది కావడంతో అది తమ గీతమేనని గుర్తుపట్టడానికి అక్కడి జనానికి కొంతసేపు పట్టిందట. ఆ పటాలానికి మొదట అప్పగించిన పని యుద్ధం కాదు, రేవులో కూలిపని. బ్యాండుకు మాత్రం ప్రయాణం రాసిపెట్టి ఉంది. ఫిబ్రవరి 12న నాంత్ నగరంలో కచేరీ చేసి, అక్కడినుంచి దారి పొడుగునా వాయిస్తూ, ఆల్ప్స్ పాదాన ఉన్న ఎక్స్-లె-బాఁ చేరుకున్నారు. సెలవు మీద వచ్చిన సైనికులకు అది విశ్రాంతి స్థలం. వారి సేదతీర్పు కోసం వీరు వారాల తరబడి వాయించారు.

తరువాత పటాలాన్ని ఫ్రెంచి సైన్యానికి అప్పగించి, 369వ రెజిమెంటుగా పేరు మార్చారు. యూరప్ లెఫ్టినెంటుగా మరతుపాకుల దళంతో కందకాలలోకి వెళ్ళాడు. జూన్‌లో విషవాయువు సోకి ఆసుపత్రి పాలయ్యాడు. ఆ మంచం మీదే యుద్ధరంగపు రాత్రి గస్తీని గురించి ఒక పాట కట్టాడు. ఆగస్టులో ప్యారిస్‌లో బ్యాండు కచేరీ జరిగింది. ఒక్క కచేరీ కోసం వెళ్ళినవారిని ఎనిమిది వారాలు ఉంచుకున్నారు. ఒక ఫ్రెంచి బ్యాండు నాయకుడు వీరి స్వరపత్రం అడిగి తీసుకుని తనవారిచేత వాయింపజేశాడు. ఆ పలుకు రాలేదు. వీరి వాద్యాలలో ఏదో కిటుకు ఉందనుకుని వచ్చి పరీక్షించారట. అవి మామూలు వాద్యాలే! పోతన పద్యం కాగితం మీద అందరికీ ఒకటే. చదివే గొంతును బట్టి అది వేరవుతుంది. ముప్ఫై ఏళ్ళు పిల్లలచేత పద్యాలు చదివించినవాణ్ణి కనుక నాకు ఇందులో వింత కనిపించలేదు.

1919 ఫిబ్రవరి 17న న్యూయార్క్ ఐదవ అవెన్యూ మీద పటాలం విజయయాత్ర సాగింది. ముందు యూరప్ బ్యాండు. నెల తిరిగేలోగా బ్యాండు అమెరికా పర్యటనకు బయలుదేరింది. ఊరికొక కచేరీ, రాత్రుళ్ళు రైలు. మే 9న బోస్టన్‌లో యూరప్ జలుబుతో బాధపడుతూనే వేదిక ఎక్కాడు. విరామంలో, వేదిక మీద క్రమశిక్షణ తప్పారని ఇద్దరు డ్రమ్ము వాయిద్యగాళ్ళను మందలించాడు. వారిలో హెర్బర్ట్ రైట్, తనపట్ల నాయకుడు పక్షపాతం చూపుతున్నాడన్న ఉక్రోషంతో, చిన్న కత్తితో ఆయన మెడ మీద పొడిచాడు. గాయం చిన్నదే అనుకున్నారు. ఆ రాత్రే ఆయన కన్నుమూశాడు. నలభయ్యేళ్ళు నిండలేదు. యుద్ధరంగం వదిలిపెట్టిన ప్రాణం తనవాడి చేతిలో పోయింది. న్యూయార్క్ వీధులు ఆయన అంతిమయాత్రకు నిండిపోయాయి. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఖననం చేశారు.

రైట్‌ను హంతకుడని చెప్పి చరిత్ర ముందుకు పోతుంది. అతడు చేసినది ఘోరమే, సమర్థించను. అయితే ఏడాదిన్నరగా ఆ మనుషులు ఒకే రైలులో, ఒకే వసతిలో, ఒకే వేదికపై బతికారు. అలిగి పోదామంటే ఇల్లు దగ్గరలో లేదు. నాయకుడి చిన్న మాట కూడా అక్కడ పెద్దదవుతుంది. చప్పట్ల చప్పుడులో ఇది ఎవరికీ వినిపించదు. జైలునుంచి విడుదలైన తరువాత రైట్ బోస్టన్‌లోనే ఉండేవాడు. ఆ వీధిలోని ఒక పిల్లవాడు అతని దగ్గర డ్రమ్ము నేర్చుకున్నాడు. తరువాత జాజ్ లోకంలో పేరుమోసిన రాయ్ హేన్స్ అతడే. 2024లో, 99వ ఏట మరణించాడు. కత్తి పట్టిన ఆ చేతినుంచే లయ మరో తరానికి చేరింది.

369వ రెజిమెంటుకు అమెరికా కాంగ్రెసు బంగారు పతకాన్ని 2021లో చట్టం చేసి ప్రకటించింది. శతాబ్దం దాటాక ఆఖరి బంతి పిలుపు వచ్చిందన్నమాట.

ఆ పెళ్ళివారింట్లో మేళంవారిని పిలిచేసరికి రాత్రి పదిన్నర దాటింది. అందులో ఒక కుర్రవాడు డ్రమ్ము మీద తల ఆనించి నిద్రపోయాడు. పక్కనున్న పెద్దాయన అతన్ని మెల్లగా తట్టి లేపాడు.

స్వస్తి.